రౌటర్ ఇస్తే సరిపోదు, కాపాడాలి: ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ సేవలో తొలి పాఠాలు



ఏటా ఈ సావనీరులో సొసైటీ జమాఖర్చులతో పాటు ఒకటి రెండు అధ్యయన వ్యాసాలు కూడా ఇస్తుంటాం. ఈసారి తీసుకున్న విషయం మీలో కొందరికి కొత్తగా అనిపించవచ్చు. కానీ ఇది మీరిచ్చిన సొమ్ముతో నేరుగా ముడిపడిన విషయం.

మీ విరాళాలతో హాస్టల్లోనూ, పిల్లలు చదువుకునే గదిలోనూ వైఫై రౌటర్లు పెట్టించాం. కొన్నేళ్లకు వాటిలో కొన్ని తీసేసి స్టోరు గది అలమరాలో పెట్టాల్సి వచ్చింది. అవి చెడిపోలేదు. కరెంటు ఇస్తే ఇప్పటికీ లైట్లు వెలుగుతాయి. వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు తయారీదారు నుంచి అప్‌డేట్లు ఆగిపోయాయి, అంతే. వాడితే భద్రత లేదు, పారేస్తే దాత సొమ్ము వృథా. దాత ఇచ్చినది మన చేతిలో అమానత్. దాన్ని అలమరాలో దుమ్ము పట్టనివ్వడం అమానత్‌ను కాపాడడం అవుతుందా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. దానికి జవాబు వెతుకుతూ మేము నేర్చుకున్నదే ఈ పాఠం.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటి?

రౌటర్ పైకి ప్లాస్టిక్ డబ్బాలా కనిపించినా లోపల ఒక చిన్న కంప్యూటర్. దానికీ ప్రాసెసర్ ఉంది, జ్ఞాపకశక్తి ఉంది. కరెంటు పోయినా చెరిగిపోకుండా సాఫ్ట్‌వేర్ దాచుకునే ఫ్లాష్ చిప్ ఉంది. ఆ చిప్‌లో ఉండి డబ్బాను నడిపే సాఫ్ట్‌వేర్‌నే ఫర్మ్‌వేర్ అంటారు.

ఇంటి గుమ్మానికి తాళం ఎలాంటిదో మన ఇంటర్నెట్‌కు ఫర్మ్‌వేర్ అలాంటిది. తాళంలో లోపం ఉందని ఊరంతటికీ తెలిశాక దాన్ని మార్చకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే దుష్ట సాఫ్ట్‌వేర్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రౌటర్లను వెతికి పట్టుకుని, వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పి పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే స్తంభింపజేసింది. 2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ వైఫై భద్రతకు వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలోనే క్రాక్ అనే లోపాన్ని బయటపెట్టాడు. అప్‌డేట్ వచ్చిన పరికరాలు బాగుపడ్డాయి. తయారీదారు మరచిపోయిన పాత పరికరాలకు ఆ లోపం అలాగే ఉండిపోయింది.

హాస్టల్ పిల్లలు ఆ వైఫై మీదే స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెడతారు, బ్యాంకు ఖాతాలు చూసుకుంటారు. కాబట్టి ఇది కేవలం యంత్రాల గొడవ కాదు.

ఒక డబ్బా తెచ్చిన మార్పు

2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. దానిలో లైనక్స్ ఉందని 2003లో కొందరు ప్రోగ్రామర్లు గుర్తించారు. లైనక్స్‌కు జీపీఎల్ అనే లైసెన్సు ఉంది. దాని సారాంశం ఇది: ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. అయితే ఇతరులకు పంచినప్పుడు దాని మూల రాతను, అంటే సోర్స్ కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలి. ఇదే షరతు చూపి వాళ్లు అడిగారు. అదే సంవత్సరం కంపెనీ సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది.

ఆ కోడ్ పునాదిగా 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు మొదలైంది. పేరులోని చివరి మూడు అక్షరాలు ఆ పాత డబ్బావే. 2016లో పని చేసేవారిలో అభిప్రాయ భేదాలు వచ్చి కొందరు లీడ్ పేరుతో వేరు కుంపటి పెట్టారు. మాట్లాడుకుని 2018 జనవరిలో మళ్లీ పాత పేరు కిందే ఒకటయ్యారు. సంఘాలు నడిపేవారికి ఇందులోనూ ఒక పాఠం ఉంది. నేడు ఎన్నో కంపెనీల వందలాది మోడళ్లపై ఈ ఫర్మ్‌వేర్ నడుస్తుంది. తయారీదారు వదిలేసిన డబ్బాకు కూడా కొత్త కూర్పులు అందుతాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన కూర్పు సంఖ్య 24.10. ఆ అంకెలు సంవత్సరాన్ని, నెలను బట్టి పెట్టినవి.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదనిపిస్తుంది. మదీనాలో రూమా బావి వృత్తాంతం మనందరం విన్నదే. మంచి నీళ్లున్న ఆ బావి యజమాని నీళ్లు అమ్ముకునేవాడు. దైవప్రవక్త (స) ప్రోత్సాహంతో హజ్రత్ ఉస్మాన్ (రజి) దాన్ని కొని ముస్లింలందరికీ అంకితం చేశారు. కొన్నవాడి చేదకు, పేదవాడి చేదకు ఆ బావిలో ఒకే హక్కు. ఓపెన్ సోర్స్ లైసెన్సు షరతు కూడా ఇలాంటిదే. కోడ్ రాసినవాడికి, దాన్ని నేడు తొలిసారి దింపుకున్న విద్యార్థికి ఒకే హక్కు.

ఈ ప్రాజెక్టు షరీఅత్ పరంగా వక్ఫ్ అని మేము అనడం లేదు. అది ఉలమాలు తేల్చవలసిన విషయం. పోలిక చూపుతున్నాం, అంతే. కానీ ఆ పోలికను ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లాలి. వక్ఫ్ ఆదాయంలో మొదటి హక్కు వక్ఫ్ ఆస్తి మరమ్మతులదేనని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. వక్ఫ్ చేసినవారు ఆ షరతు రాయకపోయినా సరే. ఎందుకంటే ఆస్తి నిలిస్తేనే పుణ్యం పారుతూ ఉంటుంది. బావి తవ్వించినవారి పేరు పలక మీద ఉంటుంది. ఏటా పూడిక తీసేవారి పేరు ఎక్కడా ఉండదు. అయినా నీళ్లు వస్తున్నది పూడిక తీసేవారి వల్లే.

మనం రౌటర్లు ఇచ్చాం. పూడిక తీసే పని ఎవరో చేస్తున్నారు. ఆ పనిలో మన పిల్లలు కూడా చేరాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎలాంటి మనుషులు చేస్తారీ పని?

ఒక్క ఉదాహరణ. హాస్టల్లో ఒకరు పెద్ద ఫైలు ఎక్కిస్తుంటే మరొకరి ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి రావడం మీరూ చూసే ఉంటారు. కనెక్షన్ వేగం చాలక అలా జరుగుతోందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరు. రౌటర్, మోడెమ్ వంటి పరికరాలు డేటాను అవసరానికి మించి వరుసలో నిలబెట్టడం వల్ల చిన్న చిన్న ప్యాకెట్లు కూడా ఆ పెద్ద వరుస వెనుక ఇరుక్కుపోతాయి. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటీస్, డేవ్ టాట్ వంటివారు దీనిపై ఉద్యమంలా పని చేశారు. డేవ్ టాట్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆధారంగా సెరోడబ్ల్యూఆర్‌టీ అనే ప్రయోగశాల వంటి ఫర్మ్‌వేర్‌ను నడిపాడు. ఆ కృషిలో రూపుదిద్దుకున్న ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతి 2012లో లైనక్స్ కెర్నెల్‌లోకి చేరింది. డేవ్ టాట్ 2025లో కన్నుమూశాడు. ఆయన పని మాత్రం ఆయన ముఖం ఎన్నడూ చూడని ఇళ్లలో ఈ రోజూ నడుస్తోంది.

మన హాస్టల్లోనూ అదే పద్ధతికి తర్వాతి రూపమైన కేక్‌ను ఎస్‌క్యూఎమ్ ప్యాకేజీ ద్వారా పెట్టాం. కనెక్షన్ వేగాన్ని కొలిచి, దానికి 80 నుంచి 90 శాతం మధ్య అంకెను సెట్టింగులో ఇచ్చాం. కనెక్షన్ మార్చలేదు, అదనంగా పైసా ఖర్చు కాలేదు. రాత్రి క్లాసుల గురించి ఫిర్యాదులు తగ్గాయి.

మొదటి పాఠం: ముందు వాడేవారు కావాలి

ఇక పనిలోకి వద్దాం. చేయందించాలంటే ప్రోగ్రామింగ్ పట్టా ఉండాలన్నది అపోహ. ముందు కావలసింది ఒక పాత రౌటర్, కొంచెం ఓపిక.

డబ్బా అడుగున ఉన్న లేబుల్ చదవండి. మోడల్ పేరుతో పాటు హార్డ్‌వేర్ వెర్షన్ కూడా రాసుకోండి. ఒకే పేరుతో వచ్చిన డబ్బాల లోపల వేరు వేరు చిప్‌లు ఉంటాయి. ఉదాహరణకు టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్‌లో 13వ వెర్షన్‌కు 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉంటే, తర్వాత వచ్చిన 14వ వెర్షన్‌కు 4 ఎంబీ, 32 ఎంబీ మాత్రమే ఉన్నాయి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ డబ్బాలు నేటి కూర్పులకు పనికిరావు. 8, 64 ఉన్నా ఇరుకే. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ లేదా అంతకు మించి ఉన్నవి ఎంచుకోవడం మంచిది.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వారి హార్డ్‌వేర్ పట్టికలో మీ మోడల్, వెర్షన్ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే దాని పేజీలో ఎక్కించే విధానం ఉంటుంది. సరైన ఫైలును ఫర్మ్‌వేర్ సెలెక్టర్ అనే చోట దింపుకోవాలి. దింపుకున్నాక చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఎక్కించే సమయంలో కరెంటు పోకూడదు కనుక ఇన్వర్టర్ ఉన్న చోట కూర్చోండి. రౌటర్‌ను వైఫై ద్వారా కాక కేబుల్‌తోనే కంప్యూటర్‌కు కలపండి.

కొత్త ఫర్మ్‌వేర్ లేచాక 192.168.1.1 చిరునామాలో లూసీ అనే పేజీ తెరుచుకుంటుంది. మొట్టమొదట పాస్‌వర్డ్ పెట్టండి. సాధారణంగా వైఫై ఆపేసి ఉంటుంది. డబ్బా పోయిందని కంగారు పడకుండా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆన్ చేసుకోవాలి.

రెండో పాఠం: చూసింది రాయడం

చేయందించడంలో తొలి మెట్టు కోడ్ రాయడం కాదు, సరిగ్గా చెప్పడం. "వైఫై పని చేయడం లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లి "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకున్నట్లుంటుంది. మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, ఫర్మ్‌వేర్ కూర్పు, ఏం చేస్తే సమస్య వస్తోంది, ఏం జరగాలి, ఏం జరుగుతోంది, యంత్రం లాగ్‌లో ఏముంది అన్నవన్నీ రాయాలి. ముందే ఎవరైనా అదే ఫిర్యాదు చేశారేమో వెతికి చూడాలి. లాగ్ పంపేముందు పాస్‌వర్డ్‌లు, వ్యక్తిగత వివరాలు తీసేయాలి.

ఇలాగే కొత్త కూర్పు విడుదలకు ముందు వచ్చే పరీక్షా కూర్పును విడిగా ఉంచిన డబ్బాపై ఎక్కించి చూడడం కూడా సేవే. ప్రాజెక్టు నడిపేవారి దగ్గర ప్రతి మోడల్ ఉండదు. మన అలమరాలో ఉన్న డబ్బా వారి దగ్గర లేకపోవచ్చు.

మూడో పాఠం: మాట సాయం

ఇంగ్లిషులో వివరణలు రాయగలవారు ప్రాజెక్టు వికీలో పరికరాల పేజీలను సరిచేయవచ్చు. పాతబడిన సూచన ఒక్కటి తీసేసినా అది చదివే మరో మనిషికి ఒక రాత్రి కలిసొస్తుంది.

లూసీ పేజీల అనువాదం వెబ్లేట్ అనే వేదిక మీద జరుగుతుంది. అక్కడ ఒక్కో మాటను పక్కపక్కనే పెట్టుకుని అనువదించవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. హిందీ, మరాఠీ వంటి భారతీయ భాషలకు అక్కడ పని సాగింది. తెలుగు బాగా తెలిసిన టీచర్లు, రిటైరైన ఉద్యోగులు ఈ పనికి ఎంతో తగినవారు. ఒక్క సలహా: ఫైర్‌వాల్‌ను "అగ్నిగోడ" అంటే చదివేవాడు తడబడతాడు. ఫైర్‌వాల్ అని తెలుగు లిపిలో రాయడమే మేలు. "సేవ్" అన్నచోట "భద్రపరచు" అంటే అందరికీ అర్థమవుతుంది. కష్టమైన మాట పెట్టడం కన్నా, వాడేవాడి నోట్లో ఉన్న మాట పెట్టడమే అనువాదకుడి బాధ్యత.

నాలుగో పాఠం: ఫర్మ్‌వేర్‌ను మనమే తయారుచేయడం

ఇది ఇంజినీరింగ్, డిప్లొమా, బీసీఏ విద్యార్థులకు. లైనక్స్ ఉన్న కంప్యూటర్ కావాలి. డిస్కులో కనీసం 10 నుంచి 15 జీబీ ఖాళీ ఉండాలి. రూట్‌గా కాక మామూలు యూజరుగా పని చేయాలి. ఫోల్డర్ పేరులో ఖాళీలు ఉండకూడదు.

గిట్‌తో సోర్స్ కోడ్ దింపుకుని, ఫీడ్స్ స్క్రిప్టుతో అదనపు ప్యాకేజీల పట్టికలు తెచ్చుకోవాలి. మేక్ మెనూకాన్ఫిగ్ ఆదేశంతో మన రౌటర్ కుటుంబాన్ని, మోడల్‌ను ఎంచుకుని, ఆ తర్వాత మేక్ నడపాలి. మొదటిసారి కంపైలర్‌తో సహా అన్నీ తయారుకావాలి కనుక మామూలు కంప్యూటర్‌లో గంటలు పడుతుంది. ఇషా తర్వాత మొదలుపెట్టి ఫజ్ర్‌కు చూసుకునే పని అనుకోండి. రెండోసారి అంత సమయం పట్టదు.

దింపుకున్న మూల ఫైళ్లన్నీ డీఎల్ అనే ఫోల్డరులో చేరతాయి. ఒక విద్యార్థి దగ్గరున్న ఆ ఫోల్డరును మిగతావారికి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అందరి డేటా ఆదా అవుతుంది. ఇంతా చేసి బయటకు వచ్చేది కొన్ని ఎంబీల ఫైలు. కానీ లోపల ఏముందో తెలిసిన ఫైలు.

ఐదో పాఠం: కొత్త డబ్బాకు చోటు కల్పించడం

పట్టికలో లేని మోడల్ దొరికితే అది అసలైన అవకాశం. కానీ జాగ్రత్తగా అడుగులు వేయాలి.

రౌటర్ మూత తీస్తే బోర్డు మీద చాలాసార్లు మూడు నాలుగు చిన్న పిన్నుల చోటు కనిపిస్తుంది. అది సీరియల్ పోర్టు. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ తీసుకుని గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్ మాత్రమే కలపాలి. డబ్బా టీఎక్స్‌ను అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కు, డబ్బా ఆర్‌ఎక్స్‌ను అడాప్టర్ టీఎక్స్‌కు కలపాలి. వీసీసీ పిన్ను జోలికి వెళ్లకూడదు. 5 వోల్టులు ఇస్తే చిప్ కాలిపోవచ్చు. వేగం ఎక్కువ డబ్బాల్లో 115200 ఉంటుంది. అప్పుడు డబ్బా లేచేటప్పుడు తన గురించి తాను చెప్పుకునే వివరాలన్నీ తెర మీద కనిపిస్తాయి.

ఏమీ మార్చకముందే అసలు ఫ్లాష్‌లోని ప్రతి భాగాన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి దాచాలి. అందులో ఏఆర్‌టీ లేదా ఫ్యాక్టరీ అనే చిన్న భాగం ఉంటుంది. ఆ ఒక్క డబ్బాకే చెందిన వైఫై రేడియో కొలతలు అందులో ఉంటాయి. అది చెరిగిపోతే మరో డబ్బా నుంచి తెచ్చి పెట్టడం సరైన మందు కాదు. మేము ఇది తొందరపాటు వల్ల నేర్చుకున్నాం. ఒక డబ్బాలో ఆ భాగాన్ని దాచకుండానే ఫ్లాష్ మొత్తం తుడిచేశాం. డబ్బా లేచింది గానీ దాని వైఫై మునుపటిలా పని చేయలేదు. తప్పు పూర్తిగా మాదే. ఆ డబ్బాను ఇప్పుడు కేబుల్ స్విచ్‌లా వాడుతున్నాం. కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ ముందు దాన్నే చూపిస్తాం.

కోడ్ విషయానికి వస్తే ముఖ్యంగా మూడు చోట్ల పని ఉంటుంది. బోర్డు మీద ఏ బటన్, ఏ లైట్, ఏ చిప్ ఎక్కడ కలిసి ఉన్నాయో చెప్పే డివైస్ ట్రీ ఫైలు ఒకటి. ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే చిన్న నిర్వచనం రెండోది. ఏ పోర్టు ఇంటి వైపు, ఏ పోర్టు ఇంటర్నెట్ వైపు అని చెప్పే సెట్టింగు మూడోది. అదే చిప్ ఉన్న మరో మోడల్ ఫైలును పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే దారి తెలుస్తుంది. తయారైన ఇమేజ్‌ను నేరుగా ఫ్లాష్‌లో రాయకూడదు. ముందు ర్యామ్‌లో మాత్రమే నడిచే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఇమేజ్‌ను టీఎఫ్‌టీపీ ద్వారా ఎక్కించి పరీక్షించాలి. తప్పైతే కరెంటు తీసి పెట్టండి, డబ్బా పాత స్థితికి వస్తుంది.

ఆరో పాఠం: పంపే పద్ధతి, పెద్దల మాట వినే పద్ధతి

సిద్ధమైన మార్పును గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టుగా గానీ, మెయిలింగ్ లిస్టుకు ప్యాచ్‌గా గానీ పంపవచ్చు. ఒక మార్పులో ఒకే పని ఉండాలి. శీర్షికలో ఏ భాగాన్ని మార్చామో ముందు రాసి, తర్వాత ఏం చేశామో క్లుప్తంగా చెప్పాలి. కింద ఎందుకు చేశామో, ఎలా పరీక్షించామో రాయాలి. కొత్త మోడల్ అయితే దాని హార్డ్‌వేర్ వివరాలు, ఎక్కించే విధానం కూడా అక్కడే ఇవ్వాలి.

చివర సైన్డ్-ఆఫ్-బై అనే వరుసలో పేరు, ఈమెయిల్ రాయాలి. ఈ వరుసను లాంఛనం అనుకోకండి. "ఈ కోడ్ నేనే రాశాను, లేదా ఇలా ఇవ్వడానికి నాకు హక్కు ఉంది" అని ఇచ్చే మాట అది. పరాయి కంపెనీ రహస్య కోడ్‌ను దొంగచాటుగా తెచ్చి పెడితే ప్రాజెక్టు మొత్తానికే చిక్కు. తనది కానిదాన్ని దానం చేయడానికి ఎవరికీ హక్కు లేదని మన పిల్లలకు మక్తబ్ నుంచే నేర్పుతాం. ఇక్కడా నియమం అదే.

పంపగానే ఒప్పుకుంటారని అనుకోకూడదు. పరిశీలించేవారు "ఈ వరుస తప్పు", "ఇది విడదీయండి" అంటారు. వారిలో చాలామంది తమ ఉద్యోగం అయ్యాక తీరిక సమయంలో చదివేవారే. జవాబుకు వారాలు పట్టవచ్చు. నొచ్చుకోకుండా సరిచేసి మళ్లీ పంపాలి. మా విద్యార్థి ఒకరు మూడుసార్లు తిప్పి పంపించుకున్నాక, "ఉస్తాద్ దగ్గర సబక్ అప్పజెప్పినట్టే ఉంది" అన్నాడు. సబ్ర్ లేనివారికి ఈ విద్య అబ్బదు.

కొన్ని హద్దులు

ఇంటర్నెట్ కంపెనీ అద్దెకిచ్చిన డబ్బా మనది కాదు. యజమాని అనుమతి లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. కొత్త డబ్బా ఫర్మ్‌వేర్ మారిస్తే వారంటీ పోవచ్చు. వైఫై సెట్టింగులో దేశం భారత్ అని పెట్టి, మన దేశ నియమాలకు లోబడే వాడాలి. శక్తి పెంచుకోవడానికి మరో దేశం పేరు పెట్టడం చట్టవిరుద్ధం. అన్నిటికీ మించి, రౌటర్ చేతికి వచ్చింది కదా అని ఇతరులు ఏం చూస్తున్నారో కూపీ లాగడం ఎంతమాత్రం తగదు. హాస్టల్లో రాత్రి వేళ ఇంటర్నెట్ ఆపడం వంటి నియమాలు ఫైర్‌వాల్‌లో సమయం ఇచ్చి పెట్టవచ్చు. కానీ పిల్లలకు ముందే చెప్పి పెట్టాలి.

ఓపెన్ సోర్స్ అంటే లోపాలు ఉండవని కూడా కాదు. 2020లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్యాకేజీలను దింపే పనిముట్టులోనే పెద్ద లోపం బయటపడింది. దాన్ని దాచకుండా ప్రకటించి, సరిచేసిన కూర్పు ఇచ్చారు. ఆ కూర్పును ఎక్కించుకున్నవారే సురక్షితులు. అంటే, ఒకసారి మార్చి వదిలేస్తే మళ్లీ పాత కథే. ప్రతి డబ్బాకూ బాధ్యుడొకరు ఉండాలి.

దాతలు ఏం చేయగలరు?

ముందుగా ఒక స్పష్టత. జకాత్ సొమ్ముకు నిర్ణీత హక్కుదారులు ఉన్నారు. ఈ పనికి ఆ ఖాతా నుంచి పైసా వాడడం లేదు, వాడబోం. దీనికి మేము అడిగేది నఫిల్ సదఖా మాత్రమే.

ఇంట్లో, షాపులో పక్కన పెట్టిన రౌటర్లు అడాప్టర్‌తో సహా ఇవ్వండి. ఇచ్చేముందు రీసెట్ బటన్ నొక్కి మీ వివరాలు చెరిపేయండి. పనికొచ్చేవి వాడతాం, వాడలేనివి విద్యార్థులు విప్పి నేర్చుకోవడానికి ఉంటాయి. సీరియల్ అడాప్టర్లు, ఒక మంచి కంప్యూటర్ ఇప్పిస్తే కంపైల్ పని తొందరగా అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన సోదరులు నెలకు ఒక ఆదివారం ఇస్తే అంతకన్నా మేలైన చందా లేదు.

ప్రాజెక్టుకు నేరుగా సాయపడాలనుకుంటే ఒక దారి ఉంది. 2024 చివర్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అనే రౌటర్ వచ్చింది. ప్రాజెక్టు వారు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థతో కలిసి రూపొందించగా బనానా పై కంపెనీ తయారుచేసింది. అమ్మిన ప్రతి డబ్బా నుంచి 10 డాలర్లు ప్రాజెక్టు నిధికి వెళ్లేలా ఏర్పాటు చేశారు. 1 జీబీ ర్యామ్ ఉంది. ఎంత పాడుచేసినా తిరిగి లేచేందుకు రాత రక్షణ ఉన్న ప్రత్యేక చిప్ ఉంది. నేర్చుకునేవారికి భయం లేని డబ్బా.

మనిషి చనిపోయాక కూడా ఆగని పుణ్యాల్లో నిరంతర దానం, ఇతరులకు ఉపయోగపడే విద్య ఉన్నాయని హదీసుల ద్వారా మనకు తెలుసు. ఈ పనిలో ఆ రెండూ కలిసే అవకాశం కనిపించింది కాబట్టే మీ ముందు పెట్టాం. మన హాస్టల్ విద్యార్థి సరిచేసిన ఒక్క వరుస, అతడు ఎన్నడూ చూడని ఊళ్లో, ఎన్నడూ కలవని కుటుంబం ఇంటి తలుపును భద్రంగా ఉంచవచ్చు. ఆ ఇంటివారికి అతడి పేరు తెలియదు. తెలియాల్సినవాడికి తెలుసు.

అలమరాలో ఉన్న డబ్బాలను మళ్లీ పనిలోకి తెచ్చే బాధ్యత మేము తీసుకున్నాం. వచ్చే సావనీరులో ఎన్ని లేచాయో, ఎన్ని లేవలేదో ఉన్నది ఉన్నట్టు లెక్క చెబుతాం, ఇన్షాఅల్లాహ్. అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, వాటిని కాపాడే శక్తిని, నిజాయితీని మాకు ప్రసాదించుగాక. ఆమీన్.